ప్రింటర్ హెడ్ పోయిందని ఒప్పుకునే ముందు నాజిల్ చెక్ కాగితం చూడండి

విశాఖ పెదవాల్తేరు నుంచి మీరు అడిగినది నాకు అర్థమైనంతవరకు ఇదండి. ఐదేళ్ళ నాటి ఆరు రంగుల ఇంక్ ట్యాంక్ ప్రింటర్, ఫొటోల్లో ముఖాల మీద అడ్డగీతలు. షాపులో హెడ్ (కాగితం మీద ఇంకు చిమ్మే భాగం) పోయిందని 9,000 అడిగారు. అలాంటిదే కొత్తది 24,000. నెలకి అరవై డెబ్భై ఫొటోలు తీస్తారు, కొన్ని ఇంట్లో వాళ్ళవి, కొన్ని అపార్టుమెంటు పిల్లల పాస్‌పోర్టు ఫొటోలు. బాగు చేయించాలా, కొత్తది కొనాలా అని.

ఇప్పుడే దేనికీ డబ్బు కట్టకండి. ముందు నాజిల్ చెక్ ప్రింట్ తీయండి, అంటే హెడ్‌లోని సన్నని రంధ్రాలన్నిటి నుంచీ (నాజిల్స్) ఇంకు వస్తోందో లేదో చూపించే కాగితం. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆ ఒక్క కాగితం చూడకుండానే నేను ఒకసారి కొత్త ప్రింటర్ కొనేయబోయాను.

2021 ఫిబ్రవరిలో మా నాన్నగారి సంవత్సరీకం. వచ్చిన చుట్టాలందరికీ ఆయన ఫొటో ఒకటి చేతిలో పెట్టి పంపాలని నా కోరిక. శ్రీకాకుళంలో మా మేనత్త దగ్గర పాత నలుపు తెలుపు ఫొటో ఉంటే తెప్పించి స్కాన్ చేయించాను. గ్లాసీ పేపర్ పెట్టి ప్రింట్ ఇస్తే నాన్నగారి ముఖం ఆకుపచ్చగా వచ్చింది. నలుపు తెలుపు ఫొటోలో ఆకుపచ్చ ఎలా వస్తుందో ఆ రాత్రి నాకు అర్థం కాలేదు. ఇలాంటి ప్రింటర్లు బూడిద రంగుని నల్ల ఇంకు ఒక్కదానితో వేయవు, మిగతా రంగుల్నీ కలిపి వేస్తాయి. అందులో లైట్ మెజెంటా (లేత గులాబీ ఇంకు) తగ్గితే ఫొటో మొత్తం ఆకుపచ్చకి తిరుగుతుంది. అదేమీ తెలియక, టెన్షన్‌లో ఏడుసార్లు హెడ్ క్లీనింగ్ కొట్టాను. రంగు రాలేదు సరికదా, ట్యాంకుల్లో ఇంకు కళ్ళ ముందే దిగిపోయింది.

మర్నాడు ఎంవీపీ కాలనీ నుంచి ఆటోలో, ప్రింటర్‌ని ఒళ్ళో పెట్టుకుని ద్వారకానగర్ వెళ్ళాను. మొదటి షాపులో ఆన్ చేసి ఒక ఫొటో తీసి చూసి, "హెడ్ పోయిందమ్మా, 9,500 అవుతుంది. దానికి పెట్టే బదులు కొత్తది తీసుకోండి, పాతదానికి వెయ్యి తగ్గిస్తాం" అన్నారు. మా వారు సరే అనేశారు. నాకే మనసొప్పలేదు. ఐదు నిమిషాలైనా చూడకుండా పోయిందని ఎలా చెప్తారు?

ద్వారకానగర్‌లోనే ఒక సందులో, పై అంతస్తులో ప్రింటర్లు మాత్రమే బాగుచేసే పెద్దాయన ఉన్నారని పక్కింటావిడ చెబితే అక్కడికి వెళ్ళాం. ఆయన అడిగిన మొదటి మాట, "నాజిల్ చెక్ తీశారా అమ్మా?" మామూలు తెల్ల కాగితం మీద తీశారు. ఒక్కో రంగుకి మెట్లు మెట్లుగా చిన్న గీతల గడి, అలాంటివి ఆరు. ట్యూబులైటు కింద నాకు అన్నీ బాగానే కనిపించాయి. ఆయన కాగితాన్ని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి కొంచెం వంచి చూపించారు. ఐదు గడులు నిండుగా ఉన్నాయి. లైట్ మెజెంటా గడిలో మాత్రం సగం మెట్లు లేవు. ఆ రంగు ఎంత లేతగా ఉంటుందంటే, ఉన్నదీ లేనిదీ ఎండ వెలుతురులో గాని తెలియదు. మీరు కూడా పగటిపూట కిటికీ దగ్గరే చూడండి.

ఆయన అక్కడితో ఆగలేదు. వెంట వెంటనే ఇంకో రెండు తీసి, మూడూ బల్ల మీద వరసగా పెట్టారు. ఖాళీలు ఒక్కో కాగితంలో ఒక్కో చోట ఉన్నాయి. "ఖాళీ ప్రతిసారీ ఒకే చోట ఉంటే ఆ నాజిల్ ఎండిపోయిందనో కాలిపోయిందనో అనుకోవాలి. ఇలా చోటు మారుతోందంటే హెడ్ బాగానే ఉంది, దానికి ఇంకు అందట్లేదు" అన్నారు. నాకు ఇప్పటికీ గుర్తున్న మాట అది. హెడ్ మీద డ్యాంపర్ అని చిన్న ప్లాస్టిక్ డబ్బీ ఉంటుంది, గొట్టంలోంచి వచ్చిన ఇంకు అందులో వడపోసుకుని హెడ్‌లోకి దిగుతుంది. అది పూడుకుపోయింది. డ్యాంపర్ మార్చి, హెడ్ కింద క్లీనింగ్ ద్రవంలో తడిపిన టిష్యూ మడతపెట్టి రాత్రంతా వదిలేశారు. పొద్దున్న వెళ్ళేసరికి ఆ టిష్యూ మీద ఆరు రంగులూ ఆరు చారలుగా దిగి ఉన్నాయి. మొత్తం 1,400 తీసుకున్నారు. ఆ మధ్యాహ్నం తీసిన ఫొటోలో నాన్నగారి కళ్ళ పక్కన ముడతలు కూడా కనిపించాయి. నలభై కాపీలు తీశాను.

మీ విషయానికి వస్తాను. హెడ్‌లు రెండు రకాలు. కానన్, హెచ్‌పీ ఇంక్‌జెట్లలో ఇంకుని క్షణంలో వేడి చేసి, బుడగ పుట్టించి బయటికి తోస్తారు. ఎప్సన్, బ్రదర్ వాటిలో వేడి ఉండదు, పీజో అనే పదార్థం కరెంటుకి వంగి ఇంకుని నెడుతుంది. వేడి రకం హెడ్ ఇంకు లేకుండా పనిచేస్తే కాలిపోతుంది, కాబట్టి గీతలు పడుతున్నా పదే పదే ప్రింట్లు ఇవ్వడం దానికి మంచిది కాదు. కానీ వాటిలో చాలా మోడళ్ళకి హెడ్‌ని మనమే తీసి కొత్తది పెట్టుకోవచ్చు, కొన్నింటికి కార్ట్రిడ్జ్‌తోనే వస్తుంది. పీజో హెడ్ గట్టిది, ఎక్కువ కాలం ఉంటుంది. అది మెషీన్‌లో భాగం కాబట్టి మార్చాలంటే మాత్రం ఖర్చు ఎక్కువ. మీది ఏ రకమో మోడల్ నంబర్‌ని బట్టి ముందే తెలుసుకోండి, షాపులో మాట్లాడేటప్పుడు ఉపయోగపడుతుంది.

ఇంకో మాట. అడ్డగీతలంటే ప్రతిసారీ హెడ్ తప్పే కాదు. గ్లాసీ పేపర్ పెట్టి, సెట్టింగ్‌లో ప్లెయిన్ పేపర్ అని వదిలేస్తే గీతలు పడతాయి. హెడ్ అలైన్‌మెంట్ తప్పినా, అంటే హెడ్ వేసే వరసలు ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కూర్చోకపోయినా పడతాయి. హెడ్ అటూ ఇటూ తిరిగే దారిలో పారదర్శకంగా సన్నని ప్లాస్టిక్ పట్టీ ఒకటి కనిపిస్తుంది, ఎన్‌కోడర్ స్ట్రిప్ అంటారు. హెడ్ తానెక్కడుందో దాని మీది సూక్ష్మమైన గీతల్ని చదువుకునే తెలుసుకుంటుంది. దాని మీద ఇంకు మరక పడితే ఫొటో అదిరినట్టు వస్తుంది, ఒక్కోసారి హెడ్ పక్కకి వెళ్ళి కొట్టుకుంటుంది. ప్లగ్ తీసేసి, మెత్తని పొడి గుడ్డతో, లాగకుండా నెమ్మదిగా తుడవాలి. మీ నాజిల్ చెక్ నిండుగా వచ్చి కూడా ఫొటోలో గీతలుంటే ముందు ఈ మూడూ చూడండి. వీటికి పైసా ఖర్చు లేదు.

నాజిల్ చెక్‌లో ఖాళీలుంటే రెండుసార్లు క్లీనింగ్ చేసి, రాత్రంతా ఆపేసి, మర్నాడు మళ్ళీ తీసి చూడండి. అంతకు మించి వద్దు. క్లీనింగ్‌లో పీల్చిన ఇంకంతా మెషీన్ అడుగున ఉన్న వేస్ట్ ఇంక్ ప్యాడ్‌లోకి పోతుంది. అది నిండిందని లెక్క చూపిస్తే ప్రింటరే ఆగిపోతుంది. అలా ఆగిందని పారేసిన వాళ్ళని చూశాను, ప్రాణం ఉసూరుమంది. ప్యాడ్ మార్చి ఆ లెక్కని (కౌంటర్) మళ్ళీ సున్నాకి తెస్తే అయిపోయేది. కాగితం లాక్కోకపోతే లోపల రబ్బరు రోలర్‌ని తడిగుడ్డతో తుడిచి చూడాలి, అదీ చిన్న పనే.

ఇక డబ్బు లెక్క. కొత్తదాని ధరలో సగం లోపు అయితే బాగు చేయించుకోమని అందరూ అంటారు. నేను మూడో వంతు కూడా ఎక్కువే అంటాను. కొత్త హెడ్ వేసినా గొట్టాలు, పంపు, రోలర్లు, బోర్డు అన్నీ ఐదేళ్ళవే కదా. నా ప్రింటర్‌కే 2023 ఎండాకాలంలో మెయిన్ బోర్డు పోయింది. పాత మెషీన్‌లోంచి తీసిన బోర్డు వేయడానికి 6,500, గ్యారంటీ లేదు అన్నారు. ఆ రోజు ఇంటికొచ్చి ఖాళీ పేపర్ ప్యాకెట్లు లెక్కపెట్టాను. ఏడాదిలో ఇరవై షీట్ల ప్యాకెట్లు నాలుగు, అంటే ఎనభై ఫొటోలు. మా దగ్గరి ల్యాబ్‌లో నాలుగు బై ఆరు అంగుళాల ఫొటోకి అప్పట్లో 12 రూపాయలు, మొత్తం 960. బాగు చేయించలేదు, కొత్తదీ కొనలేదు. రెండు మూడు నెలలకోసారి పెన్ డ్రైవ్ పట్టుకెళ్ళి తీయించుకుంటున్నాను.

మీరు నాలా కాదు, నెలకి అరవై పైన తీస్తున్నారు. నాకు ఇంట్లో పేపరు, ఇంకు కలిపి ఫొటోకి ఆరేడు రూపాయలు పడేది. ల్యాబ్‌తో చూస్తే ఐదు రూపాయలు మిగులు అనుకున్నా, మీకు ఏడాదికి నాలుగు వేల చుట్టూనే ఉంటుంది. తొమ్మిది వేల హెడ్ ఖర్చు తిరిగి రావడానికే రెండేళ్ళు పైన పడుతుంది, ఇరవై నాలుగు వేలకైతే ఆరేళ్ళు. ఈ లెక్క మార్చేది మీ పాస్‌పోర్టు ఫొటోలే. ఒక నాలుగు బై ఆరు షీటులో 35 బై 45 మిల్లీమీటర్ల ఫొటోలు ఎనిమిది వస్తాయి, స్టూడియోకి వెళ్తే వాటికయ్యే ఖర్చు మీకు తెలుసు. పైగా రేపు పొద్దున్నే స్కూల్లో ఇవ్వాలని రాత్రి తొమ్మిదికి తలుపు కొట్టే పిల్లలకి ఇంట్లో ప్రింటర్ ఉండటం ఎంత ఆసరానో చెప్పక్కర్లేదు.

కాబట్టి మీ స్థానంలో నేనైతే క్లీనింగ్, డ్యాంపర్, ప్యాడ్ లాంటి వాటికి 2,500 దాకా సంతోషంగా పెడతాను. హెడ్డే పోయిందని కాగితం మీద రుజువైతే తొమ్మిది వేలు పెట్టను. అప్పుడు ఆ నెల లెక్క రాసి చూసుకుంటాను, పాస్‌పోర్టు షీట్లు సగానికి పైన ఉంటే కొత్తది కొంటాను, లేకపోతే ల్యాబే. కొంటే బిల్లు మీద వారంటీ ఎన్ని నెలలో, ఎన్ని పేజీలో రెండూ చూసుకోండి, ఏది ముందు దాటితే అక్కడితో అయిపోతుంది. పాతదాన్ని చెత్త బండిలో వేయకండి. 2022 ఈ-వేస్ట్ నియమాల ప్రకారం దాన్ని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుది, కంపెనీ సర్వీస్ సెంటర్లో అడగండి.

బాగైనా, కొత్తదైనా ఒక్క అలవాటు మార్చుకోవాలి. మనందరం రాత్రి పడుకునేముందు స్విచ్‌బోర్డు దగ్గరే ఆపేస్తాం. ప్రింటర్‌ని దాని బటన్‌తోనే ఆపాలి. అప్పుడైతే హెడ్ తప్పకుండా మూలకి వెళ్ళి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. ప్రింట్ మధ్యలో స్విచ్ తీసేస్తే హెడ్ దారిలోనే నోరు తెరుచుకుని ఆగిపోతుంది, ఇంకు ఆరిపోతుంది.  విశాఖ ఉప్పుగాలి వల్లనే అని చాలామంది అంటారు గాని, తేమలో ఇంకు నెమ్మదిగానే ఆరుతుంది, ఏసీ గదిలోనే తొందరగా ఆరుతుంది. తేమ పాడుచేసేది ఫొటో పేపర్‌ని. ప్యాకెట్ విప్పి వదిలేస్తే అంచులు వంగి, లోపలికి వెళ్ళేటప్పుడు హెడ్‌కి రాసుకుంటాయి. జిప్ కవర్లో పెట్టి బీరువాలో ఉంచండి. వారానికి ఒకటైనా అన్ని రంగులూ ఉన్న ఫొటో తీయండి.

రేపు షాపుకి వెళ్ళేటప్పుడు ప్రింటర్ మోసుకెళ్ళకండి. ఒకదాని తర్వాత ఒకటి తీసిన మూడు నాజిల్ చెక్ కాగితాలు, మోడల్ నంబరు పట్టుకెళ్ళండి. వాటిని కిటికీ దగ్గరకి తీసుకెళ్ళి చూసే మనిషి దొరికితే, అప్పుడు ఆటో మాట్లాడుకోండి. ట్రాన్స్‌పోర్ట్ లాక్ (మోసుకెళ్ళేటప్పుడు ఇంకు కారకుండా ఆపే మీట) ఉన్న మోడలైతే అది తిప్పి, ఒరగకుండా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళండి.