చాట్‌లో వైద్యం: మా అమ్మాయిని చేరనివ్వమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ పరీక్షలన్నీ పాసైంది. హౌస్ సర్జన్సీ ఇంకో నెలలో అయిపోతుంది. నీట్ పీజీకి చదువుకుంటూనే ఒక ఆన్‌లైన్ కన్సల్టేషన్ యాప్‌లో చేరతానంటోంది. ఇంట్లో ఉండే పని. చాట్‌లో పేషెంట్లకు జవాబివ్వాలి, ఒక్కో కన్సల్టేషన్‌కి ఇంతని ఇస్తారట. వెంటనే చేరమంటున్నారు. మనిషిని చూడకుండా మందు రాశాక ఏమైనా జరిగితే ఎవరి మీదికి వస్తుందోనని నాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ ‘వెంటనే’ సంగతి చూద్దాం. హౌస్ సర్జన్ (అంటే ఇంటర్న్) దగ్గర ఉండేది తాత్కాలిక రిజిస్ట్రేషన్. దాంతో ఇంటర్న్‌షిప్ ఆసుపత్రిలో సీనియర్ల పర్యవేక్షణలో పనిచేయొచ్చు గానీ బయట సొంతంగా మందులు రాయకూడదు, ఫోన్‌లో అయినా అంతే. ఇంటర్న్‌షిప్ ముగిసి తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో శాశ్వత రిజిస్ట్రేషన్ అయ్యాకే ఈ పని. యాప్ నడిపేవాళ్లు డాక్టర్ల రిజిస్ట్రేషన్ సరిచూసుకోవాలని నిబంధనల్లోనే ఉంది. ఇంకా హౌస్ సర్జన్సీలోనే ఉందని తెలిసీ రమ్మంటున్నారంటే ఆ కంపెనీని నేనైతే నమ్మను.

దూరం నుంచి వైద్యం మనకు కొత్తేమీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండలో 2000లోనే శాటిలైట్ ద్వారా మొదలైంది. లేనిదల్లా స్పష్టమైన నియమాలే. 2018లో మహారాష్ట్రలోని రత్నగిరి కేసు డాక్టర్లందరినీ భయపెట్టింది. ప్రసవమైన ఒకామె మళ్లీ ఆసుపత్రికి వస్తే డాక్టర్లు ఊళ్లో లేరు, ఫోన్‌లోనే వైద్యం చెప్పారు. ఆమె చనిపోయింది. బాంబే హైకోర్టు ఆ డాక్టర్లకు ముందస్తు బెయిలు ఇవ్వలేదు. ఇక ఫోన్‌లో మందు చెబితే జైలే అన్నంతగా ప్రచారం జరిగింది.

ఆ అయోమయానికి 2020 మార్చి 25న, అంటే లాక్‌డౌన్ మొదలైన రోజునే, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు జవాబిచ్చాయి. ‘మార్గదర్శకాలు’ అన్నారు కదా, పాటించకపోయినా ఫర్వాలేదు అనుకోకండి. వాటిని 2002 నాటి వైద్య వృత్తి నియమావళికే అనుబంధంగా చేర్చారు. తప్పితే వృత్తిపరమైన దుష్ప్రవర్తన కింద కౌన్సిల్ చర్య తీసుకోవచ్చు. 2023 ఆగస్టులో కొత్త నియమావళి వచ్చింది గానీ మూడు వారాలకే దాన్ని నిలిపేశారు. ఎవరైనా దాన్ని చూపిస్తే అమ్మాయి కంగారు పడొద్దు.

ఇక మీ అసలు భయం, మందులు. ఇక్కడే కొత్త డాక్టర్లు ఎక్కువగా జారిపడతారు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆ మార్గదర్శకాలు మందులను జాబితాలుగా విడదీశాయి. పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ లాంటివి ‘ఓ’ జాబితా. వీటిని చాట్‌లో అయినా చెప్పొచ్చు. ‘ఎ’ జాబితాలో చర్మానికి రాసుకునే కొన్ని పూత మందులు, కొన్ని కంటి చుక్కలు, షుగర్‌కీ బీపీకీ ఇప్పటికే వాడుతున్న మందులను కొనసాగించడం లాంటివి ఉంటాయి. మొదటిసారి వచ్చిన పేషెంట్‌కి వీటిని రాయాలంటే వీడియోలో చూసి తీరాలి. ‘బి’ జాబితా మందులు ఫాలో అప్‌లో మాత్రమే. అంటే ఆరు నెలల్లోపు అదే జబ్బుకి నేరుగా చూపించుకున్న మనిషి అయి ఉండాలి. మార్ఫిన్ లాంటి మత్తు మందులు, షెడ్యూల్ ఎక్స్‌లో (గట్టి నియంత్రణ ఉన్న మందుల పట్టికలో) ఉన్నవి ఫోన్‌లో, చాట్‌లో, వీడియోలో ఏ పద్ధతిలోనూ రాయకూడదు.

ఇప్పుడు అమ్మాయికి వచ్చిన ఉద్యోగం చూడండి. అంతా చాట్. వచ్చేవాళ్లలో చాలామంది కొత్తవాళ్లే అయ్యుంటారు. అంటే ఆమె న్యాయంగా చెప్పగలిగేది ‘ఓ’ జాబితా మందులు, సలహాలు, ‘దగ్గర్లోని డాక్టర్‌కి చూపించుకోండి’ అన్న మాట. అవతలివాళ్లు గొంతునొప్పికి యాంటీబయాటిక్ అడుగుతారు. ఇవ్వకపోతే ఒక స్టార్ రేటింగ్ పెడతారు. కన్సల్టేషన్‌కి ఇంతని డబ్బు వస్తున్నప్పుడు, రేటింగ్ పడిపోతున్నప్పుడు, ఇరవై మూడేళ్ల పిల్ల ‘రాయను’ అనగలదా? తప్పు రాస్తే కౌన్సిల్ నోటీసు ఆమె రిజిస్ట్రేషన్ నంబర్ మీదికే వస్తుంది. కంపెనీతో ఏ అగ్రిమెంట్ ఉన్నా ఆ బాధ్యత చేతులు మారదు. కంపెనీని బ్లాక్‌లిస్ట్ చేసే వీలు కూడా ఉంది, అయితే అంతమాత్రాన ఆమె మీద కేసు పోదు కదా.

మిగతావి అలవాటైతే కష్టం కాదు. తన పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ ప్రిస్క్రిప్షన్ మీద ఉండాలి. అవతలి మనిషి పేరు, వయసు అడగాలి. చిన్నపిల్లలైతే పక్కన పెద్దవాళ్లు ఉండాలి. పేషెంట్ తానే ఫోన్ చేస్తే సమ్మతి ఉన్నట్టే. ఆశా కార్యకర్తో మరొకరో కలిపితే మాత్రం స్పష్టంగా అడిగి నమోదు చేసుకోవాలి. ఛాతీ నొప్పి అన్నవాళ్లతో చాట్ సాగదీయకుండా వెంటనే ఆసుపత్రికి పంపాలి. చాట్‌లూ రిపోర్టులూ రాసిన మందుచీటీలూ భద్రపరచాలి. యాప్ మూతపడితే రికార్డులు ఏమవుతాయో ముందే అడగాలి, దీన్ని చాలామంది అడగరు. అమెరికాలో ఉన్న మన బంధువులు ‘డాక్టరమ్మా, ఒక మందు చెప్పు’ అంటారు, అదీ జాగ్రత్త. ఈ మార్గదర్శకాలు దేశం బయటి వైద్యానికి వర్తించవు.

వద్దని నేననను. రిజిస్ట్రేషన్ అయ్యాక ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ అయిన ఈ-సంజీవనిలో అవకాశం దొరుకుతుందేమో చూడమనండి. అక్కడ చాలా కన్సల్టేషన్లలో పేషెంట్ పక్కన పల్లె ఆరోగ్య కేంద్రం సిబ్బంది ఉంటారు, బీపీ చూసి చెబుతారు. కొత్త డాక్టర్‌కి ఆ ఆసరా చాలా పెద్దది. ప్రైవేటు యాప్‌లోనే చేరాలనుకుంటే మాత్రం కంపెనీకి ఒక మెయిల్ పెట్టమనండి: వీడియో ఉందా, మందు రాయనందుకు డబ్బు కోస్తారా, మందుల షాపుల నుంచి డాక్టర్‌కి కమిషన్ ఏమైనా వస్తుందా అని. కమిషన్ అయితే 2002 నియమావళి ప్రకారమే తప్పు. జవాబు ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా రావాలి. వైద్యంలో పొరపాటు జరిగిందని కేసు వస్తే ఆదుకునే ఇన్సూరెన్స్ కూడా తన పేరు మీదే తీసుకోవాలి. ఇవన్నీ కుదిరితే రోజుకి రెండు గంటలు చేయనివ్వండి, నీట్ పీజీ చదువులోంచి అంతకన్నా ఎక్కువ సమయం పోగొట్టుకోకూడదు.