మొదటి పన్ను ఊగుతోందా? టూత్ ఫెయిరీకి ముందే సిద్ధంగా ఉండండి

అమెరికా వచ్చిన కొత్తలో చాలామంది తల్లిదండ్రులకి ఇది ముందుగా తట్టదు. ఆరేళ్ళు అటూ ఇటూగా, కింది వరస మధ్య పళ్ళలో ఒకటి ఊగడం మొదలవుతుంది. అప్పటికే పిల్లలు బడిలో టూత్ ఫెయిరీ అనే దేవకన్య కబుర్లు వినేసి ఉంటారు. ఊడిన పన్ను దిండు కింద పెడితే రాత్రి ఆవిడొచ్చి పన్ను తీసుకుని డబ్బులు పెడుతుందని వాళ్ళ నమ్మకం. ఆ రాత్రి ఇంట్లో నోటు లేకపోతే పొద్దున్నే ఏడుపు. పన్ను ఊగుతున్నప్పుడే కొత్త డాలరు నోట్లు నాలుగైదు దాచుకోండి. బంగారు రంగు డాలరు నాణెమైతే పిల్లలు మురిసిపోతారు. అవి చిల్లరలో దాదాపు రావు, బ్యాంకులో అడగాలి. పాలపళ్ళు మొత్తం 20. మొదటిదానికే పెద్ద నోటు పెడితే తర్వాత తగ్గించలేరు, చెల్లికీ తమ్ముడికీ అదే రేటు ఇవ్వాలి.

పన్ను బియ్యపు గింజకన్నా కాస్త పెద్దదంతే, చీకట్లో చేతికి దొరకదు. చిన్న డబ్బాలో వేయించి, దిండు అంచున, మీరు నిలబడే వైపు పెట్టించండి. నిద్ర బాగా పట్టాక మార్చండి, ఫోన్లో అలారం పెట్టుకుంటే మర్చిపోరు. మర్చిపోతే, నిన్న చాలా ఇళ్ళు తిరగాల్సొచ్చిందట అని సర్దిచెప్పి ఆ రాత్రి పెట్టండి. పన్ను మింగేసినా మామూలుగా హాని ఉండదు. దగ్గు పట్టుకున్నా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పన్ను లేదుగా అని బెంగపడితే ఫెయిరీకి రెండు ముక్కలు రాయించండి.

దారం కట్టి లాగకండి. కింది నుంచి కొత్త పన్ను వస్తుంటే పాలపన్ను వేరు కొద్దికొద్దిగా కరుగుతుంది. అది పూర్తికాకుండా లాగితే నొప్పి, రక్తం, ఒక్కోసారి వేరు ముక్క లోపలే ఉండిపోతుంది. నాలుకతో ఆడించుకోనివ్వండి. ఊడాక శుభ్రమైన గాజుగుడ్డ మడిచి 10 నిమిషాలు కొరికి పట్టుకోమనండి. మాటిమాటికీ తీసి చూస్తే రక్తం గడ్డకట్టదు. నొప్పికి ఆస్పిరిన్ పిల్లలకి వద్దు.

పాలపన్ను ఊడకముందే వెనక కొత్తది కనిపిస్తే కంగారు పడకండి. పాతది ఊగుతుంటే కొన్ని వారాలు చూడొచ్చు, కదలకపోతే డెంటిస్టుకి చూపించండి. కొత్త పన్ను కాస్త పసుపుపచ్చగా, అంచు నొక్కులు నొక్కులుగా ఉండటం సహజమే. పాలపళ్ళంత తెలుపు వాటికి రాదు, నొక్కులు నమలగా నమలగా అరుగుతాయి.

మన ఊళ్ళలో చాలాచోట్ల పన్నుని పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసురుతారు కదా, దాన్నీ వదులుకోనక్కర్లేదు. అమ్మమ్మని వీడియో కాల్లో పిలిచి ఆవిడ చూస్తుండగా కప్పు మీదికి వేయించండి. అపార్ట్‌మెంట్ అయితే పూలకుండీ మట్టిలో పాతండి. రాత్రికి దిండు కింద, పన్ను అమ్మమ్మ చెప్పినట్టు చేశామని ఫెయిరీకి చీటీ పెడితే సరి. అసలు ఈ పద్ధతే వద్దనుకున్నవాళ్ళు పిల్లలకి ఒక్క మాట గట్టిగా చెప్పండి, డబ్బులు పెట్టేది అమ్మానాన్నలేనని క్లాసులో ఎవరితోనూ అనొద్దని.