రింగ్ నాశనమైనా నా క్రీచర్ తిరిగి రాలేదు, మోసమా?

ప్రశ్న: మ్యాజిక్: ద గాదరింగ్ అనే కార్డు ఆట టోర్నమెంట్‌లో నా ప్రత్యర్థి ఆబ్లివియన్ రింగ్ అనే కార్డు వేసి, నా బలమంతా ఆధారపడిన క్రీచర్‌ను (జీవి కార్డును) ఎంచుకున్నాడు. నేను వెంటనే రింగ్‌ను నాశనం చేశాను. రింగ్ పోతే ఎగ్జైల్ అయిన (ఆటలోంచి తీసి పక్కన పెట్టిన) కార్డు తిరిగి వస్తుందని దాని మీదే రాసి ఉంది. అతను మాత్రం ‘ఇక అది ఎప్పటికీ రాదు’ అన్నాడు. బానిషింగ్ లైట్ అనే కార్డు మీద ఇదే పని చేసినప్పుడల్లా నా క్రీచర్ నాకు దక్కింది. అతను పాత ఆటగాడు, అందరూ అతని మాటే నమ్ముతారు. గొడవెందుకని ఊరుకున్నాను. నా క్రీచర్‌ను తీసి పక్కన పెట్టాక రింగ్‌ను తీసేసినా తిరిగి రాదంటే ఎలా? మ్యాచ్ పోయింది, ఫలితం కాగితం మీద సంతకం కూడా పెట్టాను. అవమానంతో నిద్ర పట్టడం లేదు. ఇప్పుడేమైనా చేయవచ్చా? ఇంకోసారి ఇలాంటిది వస్తే పాచిక వేసి గేమ్ ఎవరిదో తేల్చుకుందామని అతనే అంటున్నాడు. ఒప్పుకోమంటారా?

– ఒక పాఠకుడు

జవాబు: అతను పాత ఆటగాడా కొత్త ఆటగాడా, చుట్టూ ఉన్నవాళ్లు ఎవరిని నమ్ముతారు అన్నవి ఈ కేసును తేల్చవు. తేల్చేది ఒకటే. మీరు రింగ్‌ను నాశనం చేసే సమయానికి దాని మొదటి ట్రిగ్గర్ (ఏదైనా జరగగానే దానంతటదే మొదలయ్యే ఆజ్ఞ) పని ముగించిందా, లేక ఇంకా స్టాక్ (అమలు కావాల్సిన ఆజ్ఞల వరుస) మీదే ఉందా? ఈ ప్రశ్నకు మీరు ఒకే ఉత్తరంలో రెండు జవాబులు రాశారు. ఒకచోట ‘వెంటనే నాశనం చేశాను’ అన్నారు. ఇంకోచోట ‘క్రీచర్‌ను తీసి పక్కన పెట్టాక’ అన్నారు. అవి రెండు వేర్వేరు కేసులు. ఒకదానిలో మీరు ఓడిపోతారు, రెండోదానిలో గెలుస్తారు.

2007లో లోర్విన్ సెట్‌లో వచ్చిన ఆబ్లివియన్ రింగ్ మీద ఉన్నవి రెండు విడివిడి ట్రిగ్గర్లు. రింగ్ ఆటలోకి వచ్చినప్పుడు, ల్యాండ్ (భూమి కార్డు) కాని మరో పర్మనెంట్‌ను (ఆటలో నిలిచి ఉండే కార్డును) ఎగ్జైల్ చేయమంటుంది మొదటిది. రింగ్ ఆటలోంచి పోయినప్పుడు, ఎగ్జైల్ అయిన కార్డును తిరిగి తెమ్మంటుంది రెండోది. మొదటిది స్టాక్ మీద ఉండగానే మీరు రింగ్‌ను నాశనం చేశారనుకోండి. రెండో ట్రిగ్గర్ వచ్చి దాని పైన కూర్చుంటుంది. స్టాక్ మీద చివర వచ్చిందే ముందు రిజాల్వ్ అవుతుంది (అమల్లోకి వస్తుంది) కాబట్టి, ‘తిరిగి తీసుకురా’ అన్న ఆజ్ఞ ముందు అమలవుతుంది. అప్పటికి ఎగ్జైల్ అయిన కార్డేదీ లేదు, తేవడానికి ఏమీ లేదు, దాని పని అయిపోయింది. ఆ తర్వాత మొదటి ట్రిగ్గర్ రిజాల్వ్ అయి మీ క్రీచర్‌ను ఎగ్జైల్ చేస్తుంది. దాన్ని వెనక్కి తెచ్చే ట్రిగ్గర్ ఇక మిగల్లేదు. కార్డు మీద రాసినట్టు జరగలేదని మీ వాదన. రాసినట్టే జరిగింది, మీరు అనుకున్న క్రమంలో జరగలేదు, అంతే. ఈ కేసులో అతను చెప్పింది అక్షరాలా నిజం. మీ ఎత్తు మీకే నష్టమని ముందుగా హెచ్చరించాల్సిన బాధ్యత కూడా అతనికి లేదు.

2014లో వచ్చిన బానిషింగ్ లైట్ మీద వచ్చిన తీర్పే రింగ్‌కూ వర్తిస్తుందనుకోవడం దగ్గర మీరు పొరబడ్డారు. రెండింటి ఖర్చూ ఒకటే, చేసే పనీ దాదాపు ఒకటే. కానీ బానిషింగ్ లైట్‌లో ఎగ్జైల్ చేయడం, తిరిగి ఇవ్వడం ఒకే వాక్యంలో ఉన్నాయి. ‘ఇది ఆటలోంచి పోయేదాకా’ ఎగ్జైల్ చేయమంటుంది. ఆ గడువు ట్రిగ్గర్ రిజాల్వ్ కాకముందే ముగిసిపోతే అసలు ఎగ్జైలే జరగదు. అందుకే అక్కడ మీ తొందర మీకు కలిసొచ్చింది. ఒక కార్డు మీద వచ్చిన తీర్పును దాని పోలికలున్న ఇంకో కార్డుకు అతికించకండి.

ఇక రెండో కేసు. క్రీచర్ నిజంగానే ఎగ్జైల్‌లోకి వెళ్లిపోయాక మీరు రింగ్‌ను నాశనం చేసి ఉంటే అది తిరిగి రావాల్సిందే. అతను చెప్పింది తప్పు. మీకు న్యాయంగా దక్కాల్సింది దక్కలేదు.

కానీ సాక్ష్యం ఏది? మీరు ‘పక్కన పెట్టాను’ అంటారు, అతను ‘రెస్పాన్స్‌లో వేశాడు’ (ట్రిగ్గర్ ఇంకా స్టాక్ మీద ఉండగానే వేశాడు) అంటాడు. జడ్జిని మీరు పిలవనే లేదు. మీ ఉత్తరమే మీకు వ్యతిరేకంగా రెండు మాటలు చెబుతోంది. ఇలాంటి గొడవలో జడ్జి ఇద్దరినీ అడుగుతాడు, టేబుల్ మీద ఏ కార్డు ఎక్కడుందో చూస్తాడు. ఆ సాక్ష్యం నిలిచేది రెండు మూడు నిమిషాలే. తర్వాత ఇద్దరూ కార్డులు డ్రా చేసుకున్నారు, ఆట ముందుకు సాగింది, చివరికి మీరే సంతకం పెట్టారు. ఈ వివాదానికి కాలపరిమితి అక్కడే ముగిసింది. ఇప్పుడు ఆ ఫలితాన్ని తిరగదోడలేరు.

ఇంత నిర్లక్ష్యం ఎందుకు? జడ్జిని పిలవడమంటే ఎదుటివాణ్ణి దొంగ అనడం కాదు. చెయ్యెత్తి పిలవడం మీ హక్కు. ఆట ఆగితే సమయం పోతుందన్న టెన్షన్ కూడా అక్కర్లేదు, తీర్పుకు ఒక నిమిషం దాటితే ఆ సమయాన్ని మ్యాచ్‌కు కలుపుతారు. ఫ్లోర్ జడ్జి తీర్పు నచ్చకపోతే, అతను పూర్తిగా చెప్పాక, దాని ప్రకారం ఆడేలోపే హెడ్ జడ్జికి అప్పీలు చేయవచ్చు. ఆయన మాటే తుది తీర్పు. ఇన్ని దారులుండగా ప్రత్యర్థి మాటనే తీర్పుగా తీసుకున్నారు మీరు.

పాచిక సంగతికి వస్తున్నాను. పొరపాటున కూడా ఒప్పుకోకండి. గేమ్ ఎవరిదో పాచికతోనో నాణెంతోనో తేల్చుకోవడం టోర్నమెంట్ నియమాల ప్రకారం నేరం. అడిగినవాడితో పాటు ఒప్పుకున్నవాడికీ శిక్ష పడుతుంది, మ్యాచ్ పోవడం ఖాయం. స్నేహంగా అన్నాడనో, సమయం లేదనో చెప్పినా ఎవరూ వినరు. ఈసారి అంటే వెంటనే ‘వద్దు’ అని జడ్జిని పిలవండి. అలాగే, ఈ జవాబు చదివి తెలివి మీరి, రెస్పాన్స్‌లో వేసినదాన్ని ‘ఎగ్జైల్ అయ్యాకే వేశాను’ అని జడ్జితో చెప్పకండి. అధికారితో అబద్ధం చెప్పడం చీటింగ్ కిందికి వస్తుంది, టోర్నమెంట్ నుంచే తీసేస్తారు.

చేయాల్సింది చెబుతాను. ఎదురుగా ఏ కార్డు పడినా దాని ఒరాకిల్ పాఠం (ఇప్పుడు అమల్లో ఉన్న అధికారిక పాఠం) జడ్జిని అడగండి. ప్రమాణం అదే. పాత కార్డుల మీద అచ్చైన మాటలు చాలావాటికి తర్వాత మారాయి. కార్డు పేరు చెబితే పాఠం ఇస్తారు. ఏ ఎత్తు వేస్తే మీకు లాభమో మాత్రం చెప్పరు.

రెండు ట్రిగ్గర్ల కార్డయితే ఆగండి. 2009 నాటి జర్నీ టు నోవేర్, 2011 నాటి ఫీండ్ హంటర్ కూడా ఈ కోవలోవే. మొదటి ట్రిగ్గర్ రిజాల్వ్ కానివ్వండి, ‘ఎగ్జైల్ అయింది కదా?’ అని పైకి అడిగి అవుననిపించుకోండి, ఆ తర్వాతే నాశనం చేయండి. మీ టర్న్ దాకా ఆగినా ఆ హక్కు పోదు. ‘పోయేదాకా’ అన్న కార్డయితే దీనికి తిరగబడి ఉంటుంది, రెస్పాన్స్‌లో నాశనం చేయడమే మేలు. ఎగ్జైల్ అయి తిరిగొచ్చిన క్రీచర్‌ను ఆట కొత్త వస్తువుగా చూస్తుంది. దాని మీది కౌంటర్లు (గుర్తులు) పోతాయి, తగిలించిన ఆరాలు (దానికి అంటించే కార్డులు) ఊడిపోతాయి, మామూలుగా ఆ టర్న్‌లో దాడికీ పనికిరాదు. టోకెన్ (కార్డు కాకుండా ఆటలోనే పుట్టించిన జీవి) అయితే ఒకసారి ఎగ్జైల్‌కు వెళ్లాక ఇక రాదు. అంటే టోకెన్ మీదికి రింగ్ వచ్చినప్పుడు రింగ్‌ను ముందు నాశనం చేసినా తర్వాత చేసినా టోకెన్ మీకు దక్కదు, ఆ నాశనం చేసే కార్డును ఇంకోదానికి దాచుకోండి.

ఇదంతా మ్యాజిక్‌కు మాత్రమే. మీరు యు-గి-ఓ అనే ఇంకో కార్డు ఆట కూడా ఆడేవారైతే అక్కడ చట్టం వేరు. అక్కడి కార్డులను అక్కడి నియమాలతోనే చదవాలి.

మళ్లీ అతనితోనే ఆడాల్సి వస్తే గేమ్ మొదలవకముందే ఒక మాట చెప్పండి: ‘ట్రిగ్గర్ రిజాల్వ్ అయిందని ఇద్దరం పైకి అనుకున్నాకే కార్డు కదుపుదాం, తేడా వస్తే జడ్జిని పిలుద్దాం.’ లైఫ్ టోటల్‌ను (మిగిలిన ప్రాణాల లెక్కను) కూడా పాచిక తిప్పుతూ కాకుండా కాగితం మీద రాసుకోండి. మార్పు జరిగిన ప్రతిసారీ కొత్త అంకె వేయండి, పాతది చెరపకండి. జడ్జి వచ్చినప్పుడు ఏది ముందు జరిగిందో చూపించడానికి అది పనికొస్తుంది.