ఓ పాజిటివ్ అయినా ఏ బ్యాగూ మ్యాచ్ కావట్లేదంటే

మీ అక్క కార్డు మీద ఓ పాజిటివ్ అని ఉన్నా, గర్భసంచి ఆపరేషన్‌కని అనంతపురంలో తెప్పించిన ఓ రక్తం బ్యాగులేవీ క్రాస్‌మ్యాచ్ (ఎక్కించే ముందు ఆమె రక్తంతో కలిపి చూసే పరీక్ష) కాలేదన్నారు. ముందు బాంబే గ్రూపేమో చూడమనండి. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం బయటపెట్టిన గ్రూపిది. ఎ, బి యాంటిజెన్లు (గ్రూపును తేల్చే, ఎర్రకణాల మీది గుర్తులు) తయారవడానికి కావలసిన హెచ్ యాంటిజెనే వీళ్ల ఎర్రకణాల మీద ఉండదు. అందుకే స్లైడు మీద అచ్చం ఓ లాగే కనిపిస్తుంది. చాలాచోట్ల అక్కడితో ఆపేస్తారు, చిక్కంతా అదే.

ట్యూబులో రివర్స్ గ్రూపింగ్ (ఆమె సీరంను, అంటే కణాలు తీసేసిన రక్తపు ద్రవాన్ని, తెలిసిన గ్రూపుల కణాలతో కలిపి చూడడం) చేయించండి, ఓ కణాలు కూడా పెట్టాలి. మామూలు ఓ వాళ్ల సీరంతో ఎ, బి కణాలే గుమికూడతాయి. బాంబే అయితే ఓ కణాలూ గట్టిగా గుమికూడతాయి. ఆటో కంట్రోల్ (ఆమె సీరంను ఆమె కణాలతోనే కలిపి చూడడం) మాత్రం నెగటివ్ రావాలి, పాజిటివ్ వస్తే కథ వేరు. ఆ తర్వాత యాంటీ-హెచ్ లెక్టిన్ (హెచ్ ఉన్న కణాలను గుమికూడేలా చేసే ద్రవం) పరీక్ష: ఓ కణాలు గుమికూడి, అక్క కణాలు విడివిడిగానే ఉంటే దాదాపు తేలినట్టే.

తేలితే ఓ నెగటివ్ కూడా ఎక్కించనివ్వద్దు. ఆమె సీరంలోని యాంటీ-హెచ్ (హెచ్ మీద దాడి చేసే యాంటీబాడీ) ఒంటి వేడిలోనే ఆ కణాలను పగలగొడుతుంది. బాంబే రక్తమే కావాలి. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి సాధారణంగా 25 శాతం అవకాశం ఉంటుంది కాబట్టి మొదట మీరే పరీక్ష చేయించుకోండి. మేనరికాలున్న ఇల్లయితే మేనమామ పిల్లల్నీ వదలొద్దు. ఆపరేషన్‌కు తొందర లేక, హిమోగ్లోబిన్ 11కి తగ్గకుండా ఉంటే, ఆమె రక్తమే ముందుగా తీసి దాచమని డాక్టర్‌ను అడగండి. సీపీడీఏ (రక్తం గడ్డకట్టకుండా నిలవ ఉంచే ద్రావణం) బ్యాగులో 35 రోజులు నిలుస్తుంది.