బండికే డబ్బంతా పెడితే, నడిపే మనిషికి ఏం మిగులుతుంది?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారు రిటైరయ్యారు, ఇంట్లో సంపాదన నాదొక్కదానిదే. ఏడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. ఇంతవరకు స్కూటర్ కూడా నడపలేదు కానీ బైక్ నడపాలని చాలా కాలంగా కోరిక. 400 సీసీ కొత్త బండి ఒకటి చూసుకున్నాను. పొదుపులోంచి ఐదు నెలల డబ్బు తీసి డౌన్ పేమెంట్ కట్టి, మిగతాదానికి మూడేళ్ల లోన్ తీసుకుందామని అనుకుంటున్నాను. హెల్మెట్ బండితో పాటు ఉచితంగా ఇస్తారట. చట్టం ప్రకారం తప్పనిసరిగా ఉండాల్సిన ఇన్సూరెన్స్ ఒక్కటి చాలని షోరూం వాళ్లు చెప్పారు. నడపడం మా అన్నయ్య నేర్పిస్తానన్నాడు. ఈ ప్లాన్ సరైనదేనా?

జవాబు: బైక్ కొనొద్దని నేను చెప్పను. డబ్బు ఖర్చు పెట్టే వరస మాత్రం మార్చమంటాను. మీ ప్లాన్‌లో డబ్బంతా బండికే పోయింది. దాన్ని నడిపే మీకు మిగిలింది ఒక ఉచిత హెల్మెట్, అన్నయ్య పాఠాలు. మీ జీతం మీదే ఇల్లు గడుస్తున్నప్పుడు ముందు కాపాడుకోవాల్సిన ఆస్తి మీరే. ఆర్నెల్లు ఆఫీసుకు వెళ్లలేని పరిస్థితి వస్తే ఏమవుతుందో లెక్క వేశాకే బండి గురించి ఆలోచించాలి.

బైక్ ప్రమాదాల గురించి ఎక్కడ మాట వచ్చినా ఇప్పటికీ ప్రస్తావించే అధ్యయనం ఒకటుంది. సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలో హ్యారీ హర్ట్ బృందం చేసింది, 1981లో వెలువడింది. ప్రమాదం జరిగిన చోటికే వెళ్లి 900 ఘటనల్ని పరిశీలించారు, మరో 3,600 పోలీసు నివేదికలు చదివారు. అందులో మీకు సంబంధించిన సంగతులు చెబుతాను. ప్రమాదానికి గురైనవాళ్లలో సగం కంటే ఎక్కువ మందికి ఆ బండి మీద ఐదు నెలల అనుభవం కూడా లేదు. 92 శాతం మంది సొంతంగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. ఇంకో వాహనంతో ఢీకొన్న ఘటనల్లో మూడింట రెండు వంతులు అవతలివాళ్లు దారి ఇవ్వకపోవడం వల్ల జరిగినవి. ప్రమాదానికి ముందు బండి వేగం సగం కేసుల్లో గంటకు 48 కిలోమీటర్ల లోపే. అంటే హైవే మీద దూసుకుపోయేవాళ్ల సంగతి కాదిది, మామూలుగా ఆఫీసుకు వెళ్లి వచ్చేవాళ్ల సంగతి. ఒక ఆర్థిక సలహాదారుగా నన్ను కలవరపెట్టే అంశం ఇంకొకటుంది. వైద్యానికో, ఆస్తి నష్టానికో డబ్బిచ్చే బీమా, అది ఏ రకమైనదైనా సరే, ఉన్నవాళ్లు పది శాతం కూడా లేరు.

ఇక మీ లెక్కలోకి వద్దాం. ఏడు నెలల పొదుపులో ఆరు నెలలది ముట్టుకోవద్దు. మామూలుగా మూడు నెలలది చాలని చెప్పేవాణ్ని. మీరు బైక్ ఎక్కబోతున్నారు, ఇంట్లో రెండో జీతం లేదు. కాలి ఎముక విరిగితే అతుక్కోవడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే. నేను ఆరు నెలలు అంటున్నది అందుకే.

మిగిలిన ఒక నెల డబ్బుతో బండి రాదని నాకు తెలుసు. కాబట్టి కొన్ని నెలలు ఆగండి. మీరు అనుకుంటున్న ఈఎంఐ ఎంతో అంత మొత్తాన్ని, పెట్రోలుకూ సర్వీసుకూ అయ్యే ఖర్చు కలిపి, జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి పంపండి. నాలుగైదు నెలలు ఇబ్బంది లేకుండా కట్టగలిగితే ఆ ఖర్చును మీ ఇల్లు మోయగలదని తేలుతుంది, చేతిలో డబ్బూ చేరుతుంది. ఈలోపు శిక్షణ, లైసెన్స్ పూర్తి చేసుకోవచ్చు.

లోన్ గురించి రెండు సంగతులు. వడ్డీ ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీద లెక్కేసే రేటా అని అడగండి. ఫ్లాట్‌గా 10 శాతం అంటే వినడానికి తక్కువే అనిపిస్తుంది. వంద అప్పు తీసుకుంటే మూడేళ్లకు వడ్డీ 30. మీరు నెలనెలా అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం మొదటి వంద మీదే పడుతుంది. తగ్గే బాకీ పద్ధతిలోకి మార్చి చూస్తే అది దాదాపు 18 శాతం. రెండోది, కొత్త బండి విలువ మొదటి ఏడాదే వేగంగా పడిపోతుంది. అప్పు అంత వేగంగా తీరదు. బండి పూర్తిగా పాడైనా, పోయినా కాంప్రిహెన్సివ్ పాలసీ (మీ బండి నష్టానికి కూడా డబ్బిచ్చేది) ఉంటే కంపెనీ ఇచ్చేది ఆనాటి విలువే. బాకీ అంతకన్నా ఎక్కువుంటే లేని బండికి మీరు ఈఎంఐ కడుతూ ఉండాలి. లోన్ తప్పదనుకుంటే రెండేళ్లకు మించనివ్వకండి, బాకీ ఎప్పుడూ బండి విలువ కంటే తక్కువగా ఉండేలా చూసుకోండి.

షోరూం వాళ్లు చాలన్న ఇన్సూరెన్స్ దగ్గర కాస్త ఆగుదాం, మీ ప్లాన్‌లో నాకు ఎక్కువ భయం కలిగించింది అదే. తప్పనిసరి పాలసీ అంటే థర్డ్ పార్టీ. మీ బండి వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే వాళ్లకిచ్చే డబ్బు అది. మీ ఆసుపత్రి బిల్లుకూ, మీ బండి రిపేరుకూ అందులోంచి ఏమీ రాదు. మీకు కావాల్సినవి వేరే. ఆసుపత్రి ఖర్చుకు ఆరోగ్య బీమా. ఆఫీసు వాళ్లిచ్చేది ఉన్నా సొంతంగా ఒకటి ఉండాలి, ఉద్యోగం మారితే ఆఫీసుది పోతుంది. మీరు లేకపోతే నాన్నగారికి ఆధారంగా టర్మ్ పాలసీ. ఈ రెండూ చాలామందికి తెలుసు. ఎవరూ అడగనిది మూడోది: మీరు బతికే ఉండి, పని చేయలేకపోతే? దానికి వ్యక్తిగత ప్రమాద బీమా. శాశ్వత వైకల్యానికి డబ్బివ్వడంతో సరిపెట్టేది కాకుండా, మంచం మీదున్న వారాలకు కూడా ఇంత అని చెల్లించే పాలసీ వెతకండి. తాత్కాలిక పూర్తి వైకల్యం అన్న మాట పాలసీ పత్రంలో ఉందో లేదో మీరే చదవండి, ఏజెంటు నోటి మాట మీద వదిలేయకండి.

అదే పత్రంలో మినహాయింపుల పేజీ కూడా చదవండి. నడిపే బండి రకానికి చెల్లే లైసెన్స్ లేకపోయినా, మద్యం తాగి నడిపినా క్లెయిమ్ తిరస్కరించే అవకాశం బాగా ఎక్కువ. కొన్ని పాలసీల్లో ఇంజన్ సీసీకి పరిమితి కూడా ఉంటుంది. దరఖాస్తులో బైక్ నడుపుతానని దాచకుండా రాయండి. ప్రీమియం కొంచెం పెరిగితే పెరిగింది. దాచిన సంగతి క్లెయిమ్ రోజున బయటపడితే కట్టిన ప్రీమియమంతా వృథా.

బండి కోసం సమకూర్చుకున్న మొత్తాన్ని వంద భాగాలనుకోండి. నేనైతే బండికి 65 దాటనివ్వను. 15 మీరు వేసుకునేవాటికి. 10 బీమాకూ రిజిస్ట్రేషన్‌కూ. 5 శిక్షణకూ లైసెన్స్‌కూ. మిగిలిన 5 మొదటి ఆర్నెల్లలో విరిగే లీవర్లకూ ఇండికేటర్లకూ. విరుగుతాయి. కొత్తవాళ్ల చేతిలో బండి ఎక్కువగా పడేది ఆగి ఉన్నప్పుడు, పార్కింగ్‌లో తిప్పేటప్పుడు.

వేసుకునేవాటిలో మొదటిది హెల్మెట్. ఉచితంగా ఇచ్చినదాన్ని వాడొద్దని నేను ముందే తీర్పు చెప్పను. మీ దేశంలో చెల్లే భద్రతా ప్రమాణం ముద్ర ఉందా, మీ తలకు సరిపోయిందా అన్నది చూడండి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా పక్కన పెట్టేయండి. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2008లో ప్రచురించిన సమీక్ష ప్రకారం హెల్మెట్ వల్ల మరణించే ముప్పు సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయి. మీరు బండికి పెట్టే ఇంకే ఖర్చూ ఇంత రాబడి ఇవ్వదు.

సరిపోయిందో లేదో ఇలా చూడండి. హెల్మెట్ పెట్టుకుని పట్టీ బిగించాక బుగ్గలు కాస్త లోపలికి నొక్కుకున్నట్టు ఉండాలి. తల అటూ ఇటూ తిప్పితే హెల్మెట్‌తో పాటు చర్మం కూడా కదలాలి. ఇప్పుడు వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు లాగండి. ఊడి వచ్చేస్తే ఆ సైజు మీది కాదు. ఊడకపోతే కొట్టులోనే ఒక పావుగంట అలాగే ఉంచుకోండి. తీశాక నుదుటి మీద ఒకచోట ఎర్రగా గుంట పడి నొప్పిగా ఉంటే ఆకారం కుదరలేదని అర్థం, వేరే మోడల్ చూడాలి. దెబ్బను మింగేది లోపలి థర్మోకోల్ లాంటి పొర. ఒకసారి నలిగిందంటే మళ్లీ మామూలు కాదు, పైన గీత కూడా కనిపించకపోవచ్చు. అందుకే సెకండ్ హ్యాండ్ హెల్మెట్ ఎప్పుడూ కొనకండి, ఒక్క ప్రమాదం జరిగినా మార్చేయండి. హెల్మెట్ తర్వాత గ్లౌజులు. పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు. ఆపైన చీలమండ కప్పే బూట్లు, భుజాలకూ మోచేతులకూ ప్యాడ్లున్న జాకెట్, మోకాలికి రక్షణ.

బండి కొత్తది వద్దు, 400 సీసీ ఇప్పుడే వద్దు. రెండు మూడేళ్లు వాడిన చిన్న బండి, తేలికది, కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనేది చూడండి. పెద్ద తరుగుదల మొదటి యజమాని భరించేశాడు కాబట్టి ఏడాది వాడి అమ్మినా మీకు పోయేది తక్కువ. చూడటానికి వస్తున్నానని చెప్పేటప్పుడే ఇంజన్ ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని అడగండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యే తీరులోనే లోపాలు తెలుస్తాయి. హ్యాండిల్ చివర్లు, లీవర్ల కొసలు, సైలెన్సర్ పక్క గీసుకుపోయి ఉంటే బండి పడిందన్నమాట. టైరు పక్కన తయారీ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి: 2321 అంటే 2021లో 23వ వారం తయారైంది. గట్టిపడిన పాత టైర్లుంటే కొత్తవాటి ధర బేరంలో తగ్గించమనండి.

ఏబీఎస్, అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, ఉన్నదానికి కాస్త ఎక్కువ పెట్టినా నేను కాదనను. కారణం ఒక లెక్కలో చెబుతాను. గంటకు 50 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. ప్రమాదం చూసి చెయ్యి బ్రేకు మీదకు పోయేసరికే ఆ సెకను గడిచిపోతుంది. ఆ తర్వాత చెయ్యి తిరిగిన రైడర్ మంచి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఇంకో 14 మీటర్లలో ఆగగలడు. కొత్తవాళ్లు ముందు చక్రం జారుతుందన్న భయంతో మెల్లగా నొక్కితే 24 మీటర్లు పట్టవచ్చు. అనుభవం ఉన్నవాళ్లు పూర్తిగా ఆగిన చోట వీళ్ల బండి ఇంకా దాదాపు 32 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వస్తుంది కాబట్టి బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. చక్రం బిగుసుకుపోకుండా ఏబీఎస్ చూసుకుంటుంది కాబట్టి దాన్ని ధైర్యంగా నొక్కవచ్చు.

అయితే ఆ నొక్కడం చెయ్యి నేర్చుకోవాలి. మీ అన్నయ్య ఎంత బాగా నడిపినా, తన చెయ్యి ఏం చేస్తోందో మాటల్లో చెప్పడం వేరే విద్య. శిక్షణ తీసుకున్నంత మాత్రాన ప్రమాదం రాదని నేను హామీ ఇవ్వను. కానీ ఖాళీ మైదానంలో, వాళ్ల బండి మీద, పడినా మీ జేబు చిల్లు పడకుండా నేర్చుకునే అవకాశం ఇంకెక్కడా దొరకదు. హాఫ్ క్లచ్‌లో, అంటే క్లచ్ సగమే వదిలి, నడక వేగంతో వెళ్లడం, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం, 30 వేగం నుంచి ఒక్కసారిగా ఆపడం, మలుపులో చక్రం ముందు కాకుండా మలుపు చివర చూడటం ఇవన్నీ అక్కడే రావాలి. అన్నయ్యను ఆ తర్వాత మీ వెనకే ఇంకో బండి మీద రమ్మనండి. కూడళ్లలో మీరెక్కడ తడబడుతున్నారో ఆయనకు బాగా కనిపిస్తుంది.

మొదటి రెండు నెలలూ వెనక ఎవర్నీ ఎక్కించుకోకండి. వర్షంలో, రాత్రిపూట, గుంపుగా వెళ్లేవాళ్లతో నడపకండి. కూడలి దగ్గరకు వస్తుంటే ఎదుటి కారు మీ ముందు నుంచి తిరుగుతుందనే అనుకుని వేగం తగ్గించండి, వేళ్లు బ్రేకు మీద ఉంచండి. ఆ డ్రైవరు మీ వైపు చూసినా మీరు కనిపించారని నమ్మకండి. ముందు బండికీ మీకూ మధ్య కనీసం రెండు సెకన్ల దూరం, తడి రోడ్డు మీద దానికి రెట్టింపు ఉంచండి. బయల్దేరే ముందు టైర్లలో గాలి, చెయిన్, బ్రేకులు, లైట్లు చూడటానికి నిమిషం కూడా పట్టదు.

మీరు చూసుకున్న 400 సీసీ ఎక్కడికీ పోదు. ఏడాది పాటు చిన్న బండి నడిపి, ఆరు నెలల నిధి కదలకుండా ఉండి, ప్రమాద బీమా రెన్యువల్ అయ్యాక దాని గురించి ఆలోచించండి. అప్పుడు కూడా కొత్త బండి సీసీ, నడిపే తీరు ప్రమాద బీమా షరతుల్లో ఇముడుతాయో లేదో చూసుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఈ వారం చేయాల్సింది మాత్రం ఒకటే: ఉన్న పాలసీలన్నిటిలో నామినీగా నాన్నగారి పేరుందో లేదో చూసి, పాలసీ నంబర్లూ క్లెయిమ్‌కు ఫోన్ చేయాల్సిన నంబర్లూ ఒక కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి.