ట్రాఫిక్ హోరును పూర్తిగా తీసేయకండి

కేబీఆర్ పార్కులో తెల్లవారుజామున రికార్డు చేసిన పిట్టల కూతల మీద ట్రాఫిక్ పడిందని, నాయిస్ రిడక్షన్ (మోతను తగ్గించే ఎఫెక్ట్) పెడితే పిట్టలు నీళ్లలోంచి అరుస్తున్నట్టు వస్తోందని, ఇక ఎగ్జిబిషన్‌కి పనికిరాదేమోనని రాశారు కదా. పనికొస్తుంది, టెన్షన్ పడకండి.

ఆ ఎఫెక్ట్ మోతాదు మించితే అలాగే అవుతుంది. దాన్ని తీసేసి ఆడాసిటీలో (సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్) స్పెక్ట్రోగ్రామ్ వ్యూ, అంటే బొంగురు శబ్దాలు కింద, కీచు శబ్దాలు పైన కనిపించే శబ్ద చిత్రం, పెట్టి చూడండి: టైర్ల, ఇంజన్ల మోత చాలావరకు అడుగున, 1,000 హెర్ట్జ్ చుట్టుపక్కల, మందంగా పరుచుకుని ఉంటుంది, చిన్న పిట్టల కూతలు ఎక్కువగా 2,000 నుంచి 8,000 మధ్య సన్నని గీతల్లా కనిపిస్తాయి. అందుకే హై-పాస్ ఫిల్టర్ (పెట్టిన హద్దు కింది శబ్దాలను తగ్గించేది) 300 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ వినండి. మరీ పైకి వెళ్తే జెముడుకాకి లోతైన గొంతు మాయమవుతుంది, కోకిల కూడా పలచబడుతుంది. హారన్ల మోత మాత్రం పిట్టల ఎత్తు దాకా వస్తుంది కాబట్టి ఫిల్టర్‌కి లొంగదు, అక్కడ కత్తిరించుకోవడమే.

కానీ నా మాటగా, హోరును పూర్తిగా చంపకండి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో, మోత ఎక్కువున్న చోట గ్రేట్ టిట్ పిట్టలు తమ పాటలోని కింది స్వరాలను పైకి జరిపి పాడుతున్నాయని 2003లో తేలింది. అంటే రోడ్డు ఆ పాటలోకే వచ్చేసింది! ప్రకృతి శబ్దాలను రికార్డు చేసే బెర్నీ క్రౌస్ 2016లో పారిస్‌లో పెట్టిన ఇన్‌స్టలేషన్‌లో ఈ స్పెక్ట్రోగ్రామ్‌లనే గోడల మీద కదిలించి చూపించారు. మీరూ ఒక స్పీకర్‌లో ఫిల్టర్ చేసిన పిట్టలు, ఎదురు స్పీకర్‌లో రోడ్డు పెట్టి, రోడ్డు సౌండ్ నెమ్మదిగా పెంచండి. అసలు వేవ్ ఫైల్ (కుదించని రికార్డింగ్) కాపీ మీదే పని చేయండి, కుదించిన ఎంపీ3 వద్దు.