పలకరిస్తే నవ్విందా, మామూలుగానే నవ్విందా?

ప్రశ్న: తల్లీబిడ్డలు ఆడుకుంటున్న వీడియో చూసి, ఎవరేం చేశారో వరసగా కోడ్ చేశాం, అంటే ఒక్కో చర్యకు ఒక గుర్తు పెట్టాం. ఒక కోడ్ నుంచి తర్వాతి కోడ్‌కు మొత్తం 200 జతలు వచ్చాయి. వాటిలో తల్లి పలకరింపుతో మొదలైనవి 40, బిడ్డ నవ్వుతో ముగిసినవి 50, రెండూ వెంటవెంట పడ్డవి 20. సగం సార్లు నవ్విందంటే పలకరింపే నవ్విస్తోందని రాయొచ్చా? ఇలాంటి 12 వీడియోలను కలిపి ఒకే పట్టిక వేయొచ్చా?

– ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: సగం అన్నంత మాత్రాన ఏమీ తేలదు. మీ లెక్క ప్రకారం నవ్వు ఎలాగూ పాతిక శాతం ఉంది. ఏ సంబంధమూ లేకున్నా 40 పలకరింపుల్లో పదింటి వెంట నవ్వు పడుతుంది. మీకు 20 పడ్డాయి. తేడా 10. దాన్ని 10 × 0.8 × 0.75 వర్గమూలంతో, అంటే 2.45తో భాగించండి, జెడ్ విలువ (యాదృచ్ఛికంగా ఆశించినదానికి ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత) 4.08. వర్గమూలంలోని 10 తేడా కాదు, ఆశించిన సంఖ్య. ఆ 0.8 ఒకటిలోంచి 40/200 తీసేస్తే వచ్చింది, 0.75 ఒకటిలోంచి 50/200 తీసేస్తే వచ్చింది. 1982లో ఆలిసన్, లైకర్ అనే పరిశోధకులు సరిదిద్దిన సూత్రమిది. పాత సూత్రంలో 0.8 లేదు, దాంతో 3.65 వచ్చేది. జెడ్ 1.96 (మామూలుగా వాడే 5 శాతం హద్దు) దాటింది కనుక యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. అయినా 'నవ్విస్తోంది' అనకండి, 'వెంట వస్తోంది' అనండి. రెంటికీ కారణం చేతిలోని బొమ్మే కావచ్చు.

ఒక మెలిక ఉంది. ఒకే కోడ్ వెంటవెంటనే రెండుసార్లు రాకూడదని నియమం పెట్టుకున్నారా? అయితే పై లెక్క చెల్లదు. మూడు కోడ్‌లు సమానంగా వస్తున్నాయనుకోండి. తనకు తాను రాలేదు కాబట్టి ప్రతి కోడ్ వెంట మిగతా రెండూ చెరి సగం వస్తాయి. మామూలు సూత్రం మాత్రం మూడో వంతే ఆశిస్తుంది. ఏమీ లేనిచోట సంబంధం కనిపించేది అందుకే. పట్టికలో కర్ణం మీది గళ్లను, అంటే కోడ్ తన వెంట తానే వచ్చే చోట్లను, ఖాళీగా ఉంచి, అడ్డం, నిలువు మొత్తాలు కుదిరేదాకా అంచనాలను పదేపదే సరిచేయాలి. లాగ్-లీనియర్ (ఇలాంటి పట్టికలను విశ్లేషించే పద్ధతి) సాఫ్ట్‌వేర్ ఈ పని చేసిపెడుతుంది.

పన్నెండూ కలపకండి. నిడివి ఎక్కువున్న వీడియో మిగతావాటిని మింగేస్తుంది. జెడ్‌లను పోల్చడమూ తప్పే: ఇవే నిష్పత్తులతో 400 జతలుంటే జెడ్ 5.77కు పెరుగుతుంది, సంబంధం మాత్రం అంతే. ఒక్కో తల్లీబిడ్డల జంటకు యూల్ క్యూ (−1 నుంచి 1 దాకా సంబంధం బలాన్ని చెప్పే కొలత) కట్టండి. మీ పట్టికలో గళ్లు: పలకరింపు వెంట నవ్వు 20, పలకరింపు వెంట నవ్వు లేనివి 20, పలకరింపు లేకుండా నవ్వు 30, రెండూ లేనివి 130. 20 × 130 అంటే 2600లోంచి 20 × 30 అంటే 600 తీసేసి, రెంటి మొత్తం 3200తో భాగిస్తే 0.63. ఆ 12 క్యూల సగటు సున్నాకు భిన్నమా అని టీ-టెస్ట్ చేయండి. ఏ జంటలోనైనా పలకరింపులు నాలుగైదే ఉంటే ఆ క్యూను నమ్మొద్దు, పక్కన పెట్టి ఆ సంగతి రాయండి.